ఓటరు ఎవరన్నది తర్వాత, గీత ఎక్కడన్నది ముందు

ఫలితాల రోజు సాయంత్రం టీవీ చర్చల్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "నగరంలో ఈసారి ఫలానా వర్గం అటు మొగ్గింది." ఆ ఫలానా వర్గం ఒకసారి కులం, ఒకసారి మతం, ఒకసారి మధ్యతరగతి, మరోసారి వలస వచ్చినవాళ్లు. స్టూడియోలో కూర్చున్న నలుగురూ తలలూపుతారు. ఆ మాట పూర్తిగా అబద్ధమని నేననను. కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అది మాత్రం ఎవరూ అడగరు. ఆ ఓట్లు ఏ గీతకు లోపల పడ్డాయి, ఏ గీతకు బయట పడ్డాయి?

నా వాదన సూటిగా చెప్పేస్తాను. నగరంలో ఓటరు నేపథ్యానికి బలం దానంతట అది రాదు. వార్డు హద్దులు, నియోజకవర్గం హద్దులు ఆ బలాన్ని ఇస్తాయి, లేదా లాగేసుకుంటాయి. అదే జనం, అదే అభిప్రాయం అయినా గీత మారితే ఫలితం మారిపోతుంది. పైగా ఎవరి గుమ్మం తొక్కాలో, ఎవరిని వదిలేసినా నష్టం లేదో పార్టీలు ఆ గీతను చూసే లెక్కేసుకుంటాయి కాబట్టి, కొన్నాళ్లకు జనం అభిప్రాయం కూడా దాని చుట్టూనే తిరుగుతుంది.

మార్సెయ్ కథతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇంత నిస్సిగ్గు ఉదాహరణ ఇంకోటి దొరకడం కష్టం. ప్యారిస్, లియాన్, మార్సెయ్ నగరాల ఎన్నికల కోసం ఫ్రాన్స్ 1982 డిసెంబరు 31న ఒక ప్రత్యేక చట్టం తెచ్చింది. నగరమంతటికీ కలిపి ఒకే ఎన్నిక ఉండదు. నగరాన్ని భాగాలు చేసి ఏ భాగానికి ఆ భాగంలో ఎన్నిక పెడతారు. అలా గెలిచిన సభ్యులంతా కలిసి మేయర్‌ని ఎన్నుకుంటారు. అప్పుడు ఆ దేశ హోంమంత్రి గాస్టన్ దెఫెర్. చట్టం ఆయన చేతి మీదుగానే వచ్చింది. 1953 నుంచి మార్సెయ్ మేయర్ కూడా ఆయనే. మూడు నెలలు తిరక్కుండా, 1983 మార్చిలో ఎన్నికలు జరిగాయి. నగరం మొత్తం మీద ఓట్లు కూడితే ప్రత్యర్థి జాన్ క్లోద్ గోదాన్ జాబితాలకే ఎక్కువ. సీట్లు కూడితే దెఫెర్‌కి ఎక్కువ. మేయర్ కుర్చీ దెఫెర్‌దే అయింది. ఆ రాత్రి కూడా మార్సెయ్‌లో ఏ వర్గం ఎటు మొగ్గిందో విశ్లేషించినవాళ్లు ఉండే ఉంటారు. ఆ పద్ధతి మార్చి, నగర కౌన్సిల్‌కి నగరమంతా ఒకే ఓటు అనడానికి ఫ్రాన్స్‌కి 2025 ఆగస్టు దాకా పట్టింది.

షికాగోది దీనికి తిరగేసిన కథ. 1983 ఏప్రిల్‌లో హెరాల్డ్ వాషింగ్టన్ ఆ నగరానికి తొలి నల్లజాతి మేయర్ అయ్యాడు. నగరం మొత్తానికీ ఒకే ఓటు కాబట్టి గెలిచాడు. కానీ కౌన్సిల్ 50 వార్డులది. ఆ వార్డుల హద్దులు అంతకుముందే గీసి పెట్టి ఉన్నాయి. 29 మంది ఆయనకు వ్యతిరేకంగా ఒక జట్టయ్యారు, మిగిలినవాళ్లు 21 మంది. ఆయన ఏ నియామకం తలపెట్టినా అడ్డం పడేది. ఈలోగా కోర్టులో ఒక కేసు నడిచింది. నల్లజాతి ఓటర్ల, లాటినో ఓటర్ల బలం తగ్గేలా హద్దులు గీశారని తేలింది. హద్దులు మార్చి 1986లో ఏడు వార్డుల్లో మళ్లీ ఎన్నికలు పెట్టారు. కౌన్సిల్ 25-25 అయింది, మేయర్ ఓటుతో ముడి వీడింది. ఆ మూడేళ్లలో షికాగో జనాభా మారిందా? వాళ్ల మనసులు మారాయా? ఏడు వార్డుల చుట్టూ గీసిన గీత మారింది, అంతే.

ఈ రెండు కథలు విన్నవాళ్లు ఎవరైనా, దొంగ గీతలు గీస్తే దొంగ ఫలితాలు రావా అంటారు. నిజమే. నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసేది మాత్రం దొంగతనం ఏమీ లేని చోట కూడా ఇదే జరగడం.

హైదరాబాద్ కార్పొరేషన్ 2020 ఎన్నికలు చూడండి. మొత్తం 150 డివిజన్లు. టీఆర్‌ఎస్‌కీ బీజేపీకీ దాదాపు సమానంగా, చెరో 35 శాతం పైచిలుకు ఓట్లు. టీఆర్‌ఎస్‌కి 56, బీజేపీకి 48 డివిజన్లు. మజ్లిస్ పోటీ చేసిందే 51 చోట్ల. దానికి వచ్చిన ఓట్లు 19 శాతం దగ్గర. గెలిచినవి 44. బీజేపీ ఓట్లలో సగానికి కాస్త ఎక్కువ తెచ్చుకున్న పార్టీ, సీట్లలో దానికి నాలుగే తక్కువ. 2016లోనూ మజ్లిస్‌కి 44 డివిజన్లే. ఆ ఎన్నికల్లో 99 గెలిచిన టీఆర్‌ఎస్ నాలుగేళ్లకు 56కి పడిపోయింది. అంత పెద్ద గాలి వీచినా 44 మాత్రం 44గానే ఉంది. ఒక చోట కూడిన ఓటుకీ, నగరమంతా పరుచుకున్న ఓటుకీ తేడా ఇక్కడ తెలుస్తుంది. పరుచుకున్న ఓటు గాలి అనుకూలంగా ఉంటే ఊరంతా ఊడ్చేస్తుంది, గాలి మళ్లితే ఊరంతా పోగొట్టుకుంటుంది. కూడిన ఓటు పెద్దగా పెరగదు, తరగదు.

అందుకని కూడిన ఓటే లాభమని తేల్చేయడానికి లేదు. మరీ కుప్పగా పడితే అదే నష్టం. 1951లో బ్రిటన్‌లో లేబర్ పార్టీకి కన్జర్వేటివ్‌ల కన్నా ఎక్కువ ఓట్లొచ్చాయి, ప్రభుత్వం కన్జర్వేటివ్‌లది అయింది. కార్మికుల పేటల్లో, గని ప్రాంతాల్లో లేబర్ భారీ మెజారిటీలు తెచ్చుకుంది. పదివేల ఓట్లతో గెలిచినా ఒక్క సీటే, నలభై వేలతో గెలిచినా ఒక్క సీటే కదా. న్యూజిలాండ్‌లో 1978లో, 1981లో వరసగా రెండుసార్లు లేబర్‌కి ఇదే గతి పట్టింది. చివరికి ఆ దేశం 1996 నుంచి ఎన్నికల పద్ధతినే మార్చుకుంది.

మరి ఎవరూ ఎక్కడా కుప్పపడకుండా అందర్నీ సమంగా కలిపేస్తే? సింగపూర్ అచ్చంగా అదే చేసింది. జనంలో నూటికి ఎనభై మంది దాకా ప్రభుత్వ సంస్థ కట్టిన ఫ్లాట్లలో ఉంటారు. ఒక్కో బ్లాకులో చైనీయులు, మలయ్‌లు, భారతీయ మూలాలవాళ్లు ఎంతమంది దాకా ఉండవచ్చో 1989 నుంచి పరిమితి ఉంది. పాతకాలపు జాతి పేటలు మళ్లీ తలెత్తకుండా చూడటం దాని ఉద్దేశం. ఇరుగుపొరుగు జీవితానికి అది మంచిదేనని నేనూ నమ్ముతాను. ఎన్నికల్లో ఏమైంది? ఏ నియోజకవర్గం చూసినా దేశం మొత్తానికి నకలులా తయారైంది. దేశంలో 60 శాతం మంది ఒక పార్టీ వైపు ఉంటే, దాదాపు ప్రతి నియోజకవర్గంలోనూ అరవైకి అటూ ఇటూ మంది ఆ పార్టీ వైపే ఉంటారు. 2011లో అధికార పార్టీకి 60 శాతం ఓట్లకు 87 సీట్లలో 81 వచ్చాయి. మైనారిటీ అభ్యర్థి ఒక్కరైనా ఉండే జట్లు పోటీ చేసే ఏర్పాటు అంతకుముందే, 1988లో పెట్టారు కాబట్టి పార్లమెంటులో అన్ని ముఖాలూ కనిపిస్తాయి. అన్ని అభిప్రాయాలూ ఆ పాళ్లలో కనిపించవు.

సింగపూర్ దాకా పోనక్కర్లేదు, ఢిల్లీ చాలు. 2015లో ఆమ్ ఆద్మీ పార్టీకి 54 శాతం ఓట్లు, 70లో 67 సీట్లు. 32 శాతం తెచ్చుకున్న బీజేపీకి మూడు. 2025కి వచ్చేసరికి రెండు పార్టీల మధ్య తేడా రెండు శాతమే, సీట్లు మాత్రం బీజేపీకి 48, ఆమ్ ఆద్మీకి 22.

ఢిల్లీ పేరు ఎత్తాం కాబట్టి నేపథ్యం సంగతీ అక్కడే తేల్చుకుందాం. 2014 మేలో ఢిల్లీలోని ఏడు లోక్‌సభ స్థానాలూ బీజేపీవి. ఏడాది తిరక్కుండా, 2015 ఫిబ్రవరిలో అసెంబ్లీలో 67 ఆమ్ ఆద్మీవి. 2019 మేలో మళ్లీ ఏడుకి ఏడూ బీజేపీకే, అదీ సగానికి మించిన ఓట్లతో. 2020 ఫిబ్రవరిలో అసెంబ్లీ మళ్లీ ఆమ్ ఆద్మీకి, 62 సీట్లతో. ఈ తొమ్మిది నెలల్లో ఎవరి కులమూ మారలేదు, ఎవరి సొంతూరూ మారలేదు, అద్దెకుండేవాళ్లు ఉన్నట్టుండి మేడలు కొనేయలేదు. నేపథ్యమే ఓటు వేయిస్తుందనే మాట నిజమైతే ఇది జరగకూడదు. నేపథ్యంలోంచి ఏ ముక్క బయటికి తీయాలో ఆ ఎన్నిక అడిగే ప్రశ్న నిర్ణయిస్తుంది. దేశానికి ఎవరు అన్నప్పుడు ఒక ముక్క, నీళ్ల బిల్లు, కరెంటు బిల్లు, బడి అన్నప్పుడు ఇంకో ముక్క.

విశ్లేషకులు పడే గొయ్యి ఇంకొకటుంది. ఫలానా వర్గం ఎక్కువగా ఉన్న డివిజన్‌లో ఫలానా పార్టీ గెలిచింది కనుక ఆ వర్గం ఆ పార్టీకి వేసిందనడం. వినడానికి ఎంత సబబుగా ఉందో కదా! 1950లో డబ్ల్యూ.ఎస్. రాబిన్సన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1930 జనాభా లెక్కలు పట్టుకుని దీన్ని తిప్పికొట్టాడు. రాష్ట్రాలవారీగా చూస్తే విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న చోట నిరక్షరాస్యత తక్కువ. అలా అని వలస వచ్చినవాళ్లు బాగా చదువుకున్నవాళ్లా? మనిషి మనిషినీ విడిగా లెక్కేస్తే వాళ్లలోనే నిరక్షరాస్యత ఎక్కువ. వాళ్లు వచ్చి స్థిరపడింది చదువుకున్న స్థానికులు ఎక్కువున్న రాష్ట్రాల్లో, అందుకే రాష్ట్రం లెక్క తలకిందులైంది. డివిజన్ లెక్కలు చూసి మనిషి ఓటు చెప్పేవాళ్లంతా రోజూ చేస్తున్న పని ఇదే. 1979లో స్టాన్ ఓపెన్‌షా, పీటర్ టేలర్ అనే భూగోళ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకేశారు. అయోవా రాష్ట్రంలోని 99 కౌంటీలను రకరకాలుగా కలిపి, వృద్ధుల శాతానికీ రిపబ్లికన్ ఓటుకూ సంబంధం ఎంతో కొలిచారు. కలిపే తీరును బట్టి ఆ సంబంధం దాదాపు మైనస్ ఒకటి నుంచి దాదాపు ప్లస్ ఒకటి దాకా మారింది. అంటే ముసలివాళ్లు రిపబ్లికన్లని అవే లెక్కలతో చూపించవచ్చు, కాదని కూడా చూపించవచ్చు. గీతలు గీసేవాడి ఇష్టం.

అయితే నివాసానికీ ఓటుకూ సంబంధమే లేదా? గట్టిగానే ఉంది, మనం వెతికే చోట ఉండదు. కెనడాలోని టొరంటోలో 2010 మేయర్ ఎన్నిక నాకు ఇష్టమైన ఉదాహరణ. 1998లో ఆరు మునిసిపాలిటీలు కలిపేసి ఒకే మహానగరం చేశారు. పన్నెండేళ్ల తర్వాత రాబ్ ఫోర్డ్ అనే కన్జర్వేటివ్ ధోరణి అభ్యర్థి పాత శివార్లలో దాదాపు అంతటా గెలిచాడు, పాత నగరం నడిబొడ్డున ఓడిపోయాడు. ఓట్ల పటంలో 1998కి ముందటి సరిహద్దు గీసినట్టు కనిపించింది, కాగితం మీద అది అప్పటికే చెరిగిపోయినా. పాఠ్యపుస్తకం ప్రకారం వలసదారులు, తక్కువ ఆదాయంవాళ్లు వామపక్షం వైపు ఉండాలి. ఫోర్డ్ గెలిచిన శివార్లలో అలాంటివాళ్లే ఎంతోమంది. వాళ్లనూ పాతకాపులనూ ఒకే వైపు నిలబెట్టింది శివారు బతుకు. ఏం కావాలన్నా కారు తీయాలి, మెట్రో దూరం. నగరపాలక సంస్థ వాహనానికి ఏటా 60 డాలర్ల పన్ను వేస్తే అది నడిచి ఆఫీసుకెళ్లే నడిబొడ్డు మనిషికి చిన్న విషయం. రోజూ గంటన్నర కార్లో గడిపేవాడికి అది అవమానం. ఫోర్డ్ గెలవగానే ఆ పన్ను ఎత్తేశాడు. రోడ్డు ఎలా ఉంది, బస్సు వస్తుందా, ఇల్లు సొంతమా అద్దెదా అన్నవి పుట్టిన దేశం కన్నా గట్టిగా ఓటులోకి వస్తాయని నేననుకుంటాను. ఇవి కూడా నేపథ్యమే. కాకపోతే ధ్రువపత్రంలో రాయరు.

అదే టొరంటోలో 2018లో ఇంకో వింత జరిగింది. ఫోర్డ్ అన్న డగ్ ఫోర్డ్ టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వాధినేత అయ్యాడు. నగర ఎన్నికల ప్రచారం నడుస్తుండగానే 47 ఉండాల్సిన వార్డుల్ని 25కి కుదించాడు. అభ్యర్థులు తిరుగుతున్న వీధులు రాత్రికి రాత్రి ఇంకో వార్డులోకి పోయాయి. కెనడా సుప్రీంకోర్టు 2021లో 5-4 తేడాతో అది చెల్లుతుందంది.

గీతలు మార్చడం కుదరకపోతే మనుషుల్నే మార్చవచ్చు. లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ 1986 ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లు అత్తెసరు మెజారిటీతో బయటపడ్డారు. నాయకురాలు షర్లీ పోర్టర్. గెలుపోటములు ఊగిసలాడే ఎనిమిది వార్డుల్ని గుర్తించి, అక్కడ ఖాళీ అయిన కౌన్సిల్ ఇళ్లను పేదలకు అద్దెకివ్వడం ఆపి అమ్మకానికి పెట్టారు. సొంతిల్లు కొనుక్కున్నవాడు తమకే ఓటేస్తాడని లెక్క. ఇల్లు లేనివాళ్లను ఆ వార్డులకు దూరంగా పంపారు. ఆడిటర్ తవ్వాడు, కేసు ఏళ్ల తరబడి నడిచింది, 2001లో అప్పటి బ్రిటన్ అత్యున్నత కోర్టయిన ప్రభువుల సభ న్యాయమూర్తులు ఆమెదే తప్పన్నారు. 2004లో ఆమె కోటీ ఇరవై లక్షల పౌండ్లు కట్టి రాజీ చేసుకుంది. ఓటరు నేపథ్యానికీ హద్దుకూ ఉన్న ముడి మనకన్నా రాజకీయ నాయకులకు ఎంత బాగా తెలుసో చెప్పడానికి ఇది చాలు. అది చట్టవిరుద్ధమని కోర్టు చెప్పగలిగింది, కాగితాలు దొరికాయి కాబట్టి. మురికివాడల్ని ఖాళీ చేయించి ముప్పై కిలోమీటర్ల అవతల ఇళ్లిచ్చే ప్రతి నగరంలోనూ ఓటర్ల జాబితా కూడా ఇల్లు మారుతుంది. అక్కడ ఉద్దేశం నిరూపించే కాగితం ఉండదు.

సరే, నిజాయితీగా గీద్దాం, సమానంగా గీద్దాం అంటే, ఎవర్ని సమానంగా? అమెరికా మొత్తం జనాన్ని లెక్కేస్తుంది, పిల్లల్ని, పౌరసత్వం లేనివాళ్లను కూడా. బ్రిటన్ నమోదైన ఓటర్లనే లెక్కేస్తుంది. అద్దె ఇళ్లు మారుతూ ఉండే కుర్రాళ్లు, విద్యార్థులు జాబితాకెక్కడం తక్కువ కాబట్టి అక్కడ పెద్ద నగరాలకు సీట్లు ఆ మేరకు తగ్గుతాయి. మన దగ్గర జనాభా లెక్కలే ఆధారం. లోక్‌సభ సీట్లు ఏ రాష్ట్రానికి ఎన్నన్నది 1976లోనే 42వ సవరణతో ఆగిపోయింది. చాలా రాష్ట్రాల్లో లోపలి హద్దులు 2001 జనాభాతో గీసి 2008లో అమల్లోకి తెచ్చినవి. ఆ తర్వాత నగరాలు ఎటు పెరిగాయో అందరం చూశాం. 2019లో మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో ఓటర్లు 30 లక్షల పైమాటే, దేశంలోకెల్లా ఎక్కువ. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో శేరిలింగంపల్లిలో ఏడు లక్షల పైచిలుకు ఓటర్లు ఒక ఎమ్మెల్యేని ఎన్నుకున్నారు, భద్రాచలంలో లక్షన్నర మంది ఒకరిని. అడవి ప్రాంతానికి చిన్న నియోజకవర్గం ఉండటంలో న్యాయముంది, కాదనను. కానీ శివార్లలో పోలింగ్ శాతం తక్కువని ఏటా తిట్టిపోసేవాళ్లు ఈ లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి. బరువు తగ్గిన ఓటు కోసం సెలవు రోజు లైన్లో నిలబడమంటే ఉత్సాహం ఎక్కడ్నుంచి వస్తుంది? ఆ జనంలో చాలామందికి ఓటు సొంతూళ్లోనే ఉంది. వాళ్లకోసం 72 నియోజకవర్గాల ఓట్లను ఒకేచోట వేయించే యంత్రం నమూనా ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందు పెట్టింది. పార్టీలు ఒప్పుకోలేదు.

నగరాల్లో ఒక వార్డుకి ఒకే సభ్యుడు అన్న పద్ధతే తప్పని నా అభిప్రాయం. ఎంత మంచివాడు గీసినా ఒక గీత ఎవరో ఒకరి ఓట్లను పారబోస్తుంది. స్కాట్లాండ్ 2007లో స్థానిక సంస్థలకు ముగ్గురు నలుగురు సభ్యుల వార్డులు పెట్టి, ఓటరు తన ఇష్టాల్ని వరస క్రమంలో రాసే పద్ధతి తెచ్చింది. గ్లాస్గోలో అంతకుముందు 2003లో లేబర్‌కి సగం కన్నా తక్కువ ఓట్లతో 79లో 71 సీట్లు ఉండేవి. 2007లో అవి 45కి దిగాయి. లేబరే పెద్ద పార్టీగా మిగిలింది, మిగతావాళ్లు కూడా సభలోకి రాగలిగారు. వార్డు పెద్దదై సభ్యులు పెరిగితే హద్దును ఓ వీధి అటూ ఇటూ జరిపి లాభపడటం కష్టమవుతుంది. మా కార్పొరేటర్ ఎవరో తెలియకుండా పోతుందని దీనికి అభ్యంతరం చెబుతారు. నిజమే, కొంత పోతుంది. ఒక్కరినే నిలదీసే వీలు కన్నా, తన మాట వినే ఒకరైనా ఆ నలుగురిలో ఉండటం మేలని నేనంటాను.

ఇంత చెప్పాక, అన్నిటికన్నా చిన్న గీత ఒకటి మిగిలింది: పోలింగ్ బూత్. బ్యాలెట్ పేపర్ల కాలంలో అవసరమైన చోట బూత్‌ల పేపర్లు కలిపేసి లెక్కపెట్టే వీలు నిబంధనల్లో ఉండేది. ఈవీఎం వచ్చాక ఏ బూత్ లెక్క ఆ బూత్‌దే, ఫలితాల పట్టిక అయిన ఫారం 20లో వరసగా ఉంటుంది. వెయ్యీ పదిహేను వందల ఓట్ల బూత్ అంటే నగరంలో నాలుగు వీధులు, లేదా ఒక బస్తీ. 2024 మహారాష్ట్ర ఎన్నికల్లో ముంబయి, పుణె లాంటి చోట్ల హౌసింగ్ సొసైటీల లోపలే బూత్‌లు పెట్టారు. పోలింగ్ పెరగాలంటే మంచి ఏర్పాటే. కానీ ఆ గేటు లోపల అందరిదీ దాదాపు ఒకే ఆదాయం, ఒకే తరహా బతుకు. ఆ బూత్ అంకె చూస్తే ఆ వర్గం ఓటు తెలిసిపోతుంది, గేటు బయటి బస్తీ ఓటు పక్క వరసలో ఉంటుంది. ఇన్నాళ్లూ నగరం ఓటు గురించి నాలాంటివాళ్లు చదువుకున్నదంతా ఆ అంకెల పుణ్యమే. పైన రాబిన్సన్ చెప్పిన గొయ్యిలో తక్కువ లోతున పడేది బూత్ లెక్కలతోనే.

అదే అంకె కార్పొరేటర్ చేతిలోనూ ఉంటుంది. 14 బూత్‌ల ఓట్లు కలిపి ఒకేసారి చూపించే టోటలైజర్ కావాలని ఎన్నికల సంఘం 2008లో అడిగింది, లా కమిషన్ 2015లో 255వ నివేదికలో బలపరిచింది, కేంద్రం ఒప్పుకోలేదు. నేనైతే ఒప్పుకుంటాను. నాలాంటివాళ్లు గీసే పటాలు కాస్త మసకబారతాయి. తమకు ఓటు పడని వీధికి నీళ్లు రెండు రోజులకోసారి ఎందుకు వస్తున్నాయో చెప్పడానికి మాత్రం కార్పొరేటర్ వేరే కారణం వెతుక్కోవాల్సి వస్తుంది.